నూనె చొరని మన్ను

దుమ్ముగూడెం వెళ్ళే రోడ్డు పక్కన, గోదావరికి కాస్త ఇవతల, రేకులు కప్పిన ఒక పెద్ద షెడ్డు ఉంది. అడవి అంచు ఊళ్ళ ఆడవాళ్ళు ఏరి తెచ్చే కానుగ గింజల నుంచి అక్కడ నూనె తీస్తారు. ఆ నూనె చిక్కన. ఉన్నదున్నట్టు పోస్తే డీజిల్ ఇంజన్ కొన్నాళ్ళకే మొరాయిస్తుంది. అందుకని దాన్ని మిథనాల్ అనే స్పిరిట్‌తో కలిపి, వేడి చేసి, పల్చటి ఇంధనంగా మారుస్తారు. ఆ మార్చే పని ఉషారాణిది.

ఉషారాణి పుట్టింది జూలూరుపాడు దగ్గరి ఒక తండాలో. గురుకులంలో చదువుకుని, వరంగల్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కొన్నేళ్ళు పనిచేసింది. పొద్దున వచ్చిన సీసాలను పరీక్షించి, సాయంత్రానికల్లా బాగుందనో బాగాలేదనో చెప్పడమే అక్కడి పని. ఎందుకు బాగాలేదో తేల్చడం వేరే గదిలో వేరేవాళ్ళ వంతు. ఆ వేరే గది తలుపు తనకు ఎప్పటికీ తెరుచుకోదని అర్థమైనాక, ఈ షెడ్డులో కెమిస్టు కావాలన్న కబురు విని వచ్చేసింది.

తల్లి సోమ్లికి అది మింగుడుపడలేదు.

"పట్నంల ఏసీ గదిల కూసొని చేసే నౌకరి ఇడిసి, అడవిల నూనె కాసుడేంది? టీచర్ పరీక్ష రాసుకో. జూలూరుపాడులనే బడి ఉంటది, ఇంటికాడ ఉంటవ్," అంది.

"గీ పని ఒక దారికొచ్చినంక చూస్త యాడీ," అంది ఉషారాణి. తండాలో తల్లిని పిలిచే పిలుపు అది.  తండ్రి హరిలాల్ ఆమె సంచి బస్సెక్కించి, "మాటిమాటికి ఫోన్ చెయ్యి," అని మాత్రం చెప్పాడు.

షెడ్డు యజమాని ఉదయ్ భాస్కర్. వాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎర్రుపాలెం దగ్గర భూములు కొన్నవాళ్ళు. తండ్రి రైస్ మిల్లు పెట్టాడు. కొడుకు చేతికి ఆ మిల్లు వచ్చాక, మనిషి ఊరికే కూర్చోలేక ఈ కానుగ నూనె పని మొదలెట్టాడు. మంచి ఉత్సాహవంతుడు. ఓపికే కాస్త తక్కువ.

ఉషారాణి చేరేనాటికి అక్కడ నూనెను కాస్టిక్ సోడాతో మారుస్తున్నారు. నూనె, మిథనాల్ ఎంతసేపు పక్కపక్కన ఉన్నా వాటంతటవి కదలవు. వాటిని కదిలించి పని జరిపించడానికి ఒక ఉత్ప్రేరకం కావాలి. కాస్టిక్ సోడా ఆ పని చక్కగా చేస్తుంది. కాని అది ఇంధనంలో కరిగిపోతుంది. దాన్ని వదిలించాలంటే నీళ్ళతో కడగాలి. కడిగిన నీళ్ళు తెల్లగా, సబ్బు నురగతో, షెడ్డు వెనక కాలువలో పడి వాగులో కలిసేవి.

ఒకనాడు పొద్దున్నే భీమక్క వచ్చింది. వాగు అవతలి కోయ గూడెం మనిషి, గింజలు ఏరే మహిళా సంఘానికి పెద్ద. చేతిలో స్టీలు చెంబు ఉంది. దాన్ని తెచ్చి ఉషారాణి బల్ల మీద పెట్టింది. చెంబు నిండా నురగ.

"మా గొడ్లు గీ నీళ్ళు మూతి పెట్టి చూసి ఎనక్కొస్తున్నయ్. గింజలు మేం తెస్తం. నురగ మాకు పంపుతరా? గిదేం లెక్క మేడం?"

 చెంబులోని నీళ్ళను పరీక్షించాల్సిన పని లేదు, అవి ఎక్కడివో ఉషారాణికి తెలుసు. "జర టైమియ్యి అక్కా. గీ కడిగే పనే లేకుండ చేస్త," అంది. ఎలా చేస్తుందో అప్పటికి ఆమెకే పూర్తిగా తెలియదు. మాట మాత్రం ఇచ్చేసింది.

ఆ రోజే ఉదయ్ భాస్కర్ దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. కరిగిపోయే ఉత్ప్రేరకం బదులు కరగనిది వాడాలి. సున్నం కూడా ఇదే పని చేయగలదు. దాన్ని చిన్న చిన్న గుళికలకు పట్టించి, ఆ గుళికలను డ్రమ్ములో నింపి, వాటి మధ్య నుంచి నూనెను పోనివ్వాలి. పని అయ్యాక గుళికలు డ్రమ్ములోనే ఉంటాయి, ఇంధనం బయటికి వస్తుంది. కడగడం ఉండదు.

"సున్నమేగా? నేరుగా సున్నపు ముక్కలే వేసేస్తే పోదా అండీ?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"ముక్క ఏస్తే పైపైనే పని చేస్తది సార్. లోపలిదంత దండగ. కొత్త చెప్పుల డబ్బాల ఒక చిన్న పొట్లం వస్తది చూడండ్రి, లోపల తెల్ల పూసలుంటయి. గది సిలికా. పూస చిన్నదే గని లోపలంత కంటికి కనపడని రంధ్రాలే. ఆ రంధ్రాల గోడలన్ని ఇప్పి పరిస్తే ఒక్క పిడికెడుకే ఎకరం పొలం నిండుతది. సున్నాన్ని ఆ గోడలకు పల్చగ పూస్తే, కొంచెమే బోలెడు పని చేస్తది. పూసేది ఎంత ముఖ్యమో, దేనికి పూస్తున్నమో గది గూడ గంతే ముఖ్యం."

ఉదయ్ భాస్కర్ ముఖం వెలిగింది. సిలికాకు కొదవలేదు, వాళ్ళ మిల్లులో వడ్ల ఊక గుట్టలు గుట్టలుగా ఉంది. ఊకను నెమ్మదిగా కాలిస్తే మిగిలే తెల్లటి బూడిదలో దాదాపు అంతా సిలికానే. మట్టికీ కొదవలేదు, వాగు ఒడ్డున బంకమన్ను ఉంది, దాన్ని కాల్చడానికి కుమ్మరి దూలయ్య ఉన్నాడు.

ఉషారాణి రెండు రకాలూ చేసింది. దూలయ్య బంకమన్నును పిసికి, రేగిపండు గింజంత గుళికలు చుట్టి తన కుండల ఆవంలో కాల్చి ఇచ్చాడు. ఊక బూడిదతో ఆమే ఇంకో రకం గుళికలు చేసి, షెడ్డులోని చిన్న కరెంటు కొలిమిలో కాల్చింది. రెండింటినీ సున్నపు ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ కాల్చి, గాజు ఫ్లాస్కులో నూనె పోసి చూసింది. మట్టి గుళికలు రాయిలా నిలిచాయి కాని నూనె సగం కూడా మారలేదు. సిలికా గుళికలు వేసిన ఫ్లాస్కులో ఇంధనం పైన తేటగా, నూనె మారినప్పుడు విడివడే గ్లిజరిన్ అడుగున చిక్కగా, చక్కగా విడిపోయింది.

షెడ్డులో పండగ చేసుకున్నంత పనైంది. ఫ్లాస్కు అడుగున గ్లిజరిన్‌లో సన్నటి మసకలాంటిది ఉషారాణి కంటపడింది. చూసింది, బూడిద దుమ్మై ఉంటుందనుకుంది. ఉదయ్ భాస్కర్ అప్పటికే పెద్ద డ్రమ్ము కొనడానికి ఖమ్మం బయల్దేరుతున్నాడు.

చలికాలంలో పెద్ద డ్రమ్ము నడిచింది. వచ్చిన ఇంధనాన్ని మొదట భీమక్క గూడెం వాళ్ళకే ఇచ్చారు. గోదావరి నుంచి వాళ్ళ మిర్చి చేలకు నీళ్ళు ఎక్కించే ఇంజన్ అది. అక్కడికి త్రీఫేజ్ కరెంటు రాదు, ఇంజన్ ఆగితే చేలు ఎండాల్సిందే. చేలు అప్పుడు పూత మీద, పిందె మీద ఉన్నాయి. ఇంజన్ బాగానే అందుకుంది. గూడెం పిల్లలు పైపు నోట్లోంచి దూకే నీళ్ళకింద తడిశారు. తర్వాత ఒక మధ్యాహ్నం ఇంజన్ దగ్గినట్టు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. మెకానిక్ రమణ భద్రాచలం నుంచి వచ్చి విప్పి చూశాడు. ఇంధనం ఫిల్టర్ పూర్తిగా పూడుకుపోయి ఉంది.

రమణ దాన్ని షెడ్డుకు తెచ్చి ఉదయ్ భాస్కర్ ముందు పడేశాడు. "గింజలల్ల మట్టి కలిపిండ్రు సార్. తూకం రావాలని గింత ఇసుక, గింత దుమ్ము ఏస్తరు. గది నూనెల దిగి గిట్లయింది."

ఉదయ్ భాస్కర్ కోపం నషాళానికంటింది. "నేను అనుకుంటూనే ఉన్నాను. రేపటి నుంచి ఆ సంఘం దగ్గర గింజ కొనొద్దు. ఆంధ్రా వైపు నుంచి తెప్పిద్దాం."

ఉషారాణి ఫిల్టర్‌ను చేతిలోకి తీసుకుంది. మడతల్లో పేరుకున్నది బురద రంగులో లేదు. వేళ్ళ మధ్య నలిపితే మెత్తటి పొడి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన.  ఆ పొడి ఏమిటో ఆమె వేళ్ళు అప్పుడే కనిపెట్టేశాయి. ఇంకెవరూ కనిపెట్టలేదు. నోరు మూసుకుంటే తప్పు గింజల మీదికే పోతుంది.

"ఒక్క నిమిషం ఆగుండ్రి సార్. రమణన్నా, నువ్వు గూడ పోకు," అంది.

పొడిని గాజు గిన్నెలో దులిపి, అంటుకున్న నూనెను మిథనాల్‌తో కడిగి ఆరబెట్టింది. దాని మీద కాస్త యాసిడ్ పోసింది. గిన్నె బుసబుసమని పొంగింది. పొంగు చల్లారాక అడుగున తెల్లటి బూడిద, కరగకుండా మిగిలింది. పక్కనే ఇంకో గిన్నెలో సంఘం వాళ్ళ గింజల సంచి అడుగు దుమ్ము వేసి, అదే యాసిడ్ పోసింది. అది కదల్లేదు, మెదల్లేదు.

"పొంగింది గాలి తగిలి సుద్దయిన సున్నం. కరగకుండ మిగిలింది ఊక బూడిద. గింజల దుమ్ము గాదిది, నేను చేసిన గుళికలు. డ్రమ్ముల నూనె తిరుగుతుంటే ఒకదానికొకటి రాసుకొని పిండైనయి. ఫ్లాస్కుల ఉన్నప్పుడే అడుగున మసక కనపడ్డది సార్, నేను పట్టించుకోలే. సంఘమోళ్ళ తప్పు ఏం లేదు."

రమణ తల గోక్కున్నాడు. ఉదయ్ భాస్కర్ వంగి రెండు గిన్నెలూ చూశాడు. తర్వాత, "సరేనండీ. కొన్నాళ్ళు మళ్ళీ కాస్టిక్‌తోనే నడుపుదాం. ఈ గుళికల గొడవ తర్వాత చూసుకోవచ్చు," అన్నాడు.

"కాస్టిక్ ఏస్తే కడగాలె. కడిగితే వాగులకే పోతది. గట్ల నడిపితే నేను ఉండ సార్. గూడెమోళ్ళ ఇంజన్‌కు డీజిల్ పంపుండ్రి. మిర్చి ఏరేలోపు నాకు ఒక్క ఛాన్స్ ఇయ్యుండ్రి."

ఆమె గొంతు పెరగలేదు. కాని ఆమె మాట వెనక్కి తీసుకునే మనిషి కాదని ఉదయ్ భాస్కర్‌కు అప్పటికే తెలుసు. డీజిల్ డబ్బాలు జీపులో వేయించాడు.

ఆ జీపులోనే ఉషారాణి గూడేనికి వెళ్ళింది. భీమక్క చేను గట్టు మీద నిలబడి ఉంది. ఆకులు చేతులు ముడుచుకున్నట్టు ముడుచుకున్నాయి, పూత రాలుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పింది ఉషారాణి.

"నీ గుళికలు ఇరిగితే నా చేను ఎండాల్నా? నీ మాటలు పోస్తే మొక్క తాగుతదా?" భీమక్క గయ్యిమంది. కాసేపటికి డబ్బాలు దించుతున్న వాళ్ళ వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "గింజలల్ల మన్ను కలిపినమని రోడ్డు మీద అనుకుంటున్నరంట. గది నిజమేనా?"

"అన్నరు. కాదని అక్కడనే చూపించిన, అందరి ముంగట."

భీమక్క ఒక డబ్బా ఎత్తుకుంది. ఇంజన్ దగ్గరికి నడిచింది.

ఇక అక్కడి నుంచి ఉషారాణికి వేరే ధ్యాస లేదు. సిలికా గుళిక బాగా పని చేస్తుంది, నిలవదు. మట్టి గుళిక నిలుస్తుంది, పని చేయదు. నిలవకపోవడం ఎందుకో తెలిసింది. పని చేయకపోవడం ఎందుకో తెలియాలి. పక్కన పడేసిన పాత మట్టి గుళికలను తెచ్చి, సుత్తితో ఒక్కొక్కటే నడిమికి పగలగొట్టింది. ప్రతిదీ ఒకేలా ఉంది. పైన గోరంత మందాన నూనె పీల్చి నల్లబడింది. లోపలంతా పొడి పొడిగా, ఇప్పుడే ఆవంలోంచి తీసినట్టు ఇటుక రంగులో ఉంది.

నూనె లోపలికి పోనేలేదు.

సున్నపు ద్రావణం నీళ్ళలాంటిది కనుక ఎంత ఇరుకు సందులోకైనా చొరబడి, గుళిక నడుమ దాకా వెళ్ళి కూర్చుంది. మిథనాల్ అణువు కూడా చిన్నదే. నూనె అణువు అలా కాదు. దానికి మూడు పొడుగాటి తోకలు, ఇరుకు రంధ్రంలో పట్టదు. పైగా దూలయ్య ఆవం మంట కుండలకు పెట్టిన మంట. అంత వేడికి మన్ను బిగుసుకుని, ఉన్న రంధ్రాల్లో చాలా భాగం మూసుకుపోయాయి. లోపల అంత సున్నం ఉండీ, దారి లేని ఊళ్ళో దుకాణం తెరుచుకుని కూర్చున్నట్టుంది.

గుళికలో గదులు ఎక్కువ ఉంటే చాలదు, ఆ గదులకు నూనె పట్టే దారులు ఉండాలి, ఆ దారులున్నా గోడలు కూలకూడదు. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది.

ఆమె పని ఇక దూలయ్య ఇంటి ముందరే సాగింది. ఊక బూడిద ఎక్కువ వేసి, అది రాలకుండా పట్టుకునేంత మాత్రమే బంకమన్ను కలిపింది. దారుల కోసం పచ్చి ఊకనే పిండిగా దంచి, జల్లించి అందులో వేసింది. కాల్చినప్పుడు ఆ పిండి మండిపోయి, అది ఉన్న చోట దారి మిగులుతుంది.

"కాలిపోయేదాన్ని కలుపుడేంది మేడం? బొక్కలు పడ్డ కుండ నేను అమ్ముకోలేను," అని నవ్వాడు దూలయ్య.

"నాకు బొక్కలే కావాలె తాతా. నీళ్ళు కారని కుండ నీకు, నూనె కారే గుళిక నాకు."

మొదటి కాల్పు పాడైంది. మంట ఎక్కువై గుళికలు గంటల్లా మోగాయి. నీళ్ళలో నానబెట్టి తూచితే బరువు పెరగనే లేదు, అంటే లోపల దారులన్నీ మూసుకుపోయాయి. రెండోసారి భయపడి మంట తగ్గించారు. అవి నీళ్ళు బాగా తాగాయి, కాని చేత్తో పట్టుకుంటే ముద్దయ్యాయి. మూడో కాల్పుకి దూలయ్యే ఒక మాట అన్నాడు. ఆవం నడుమ కాకుండా అంచుకు, కుండల వెనక చాటున పెడితే మంట మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుందని. ఉషారాణి ఇనప గొట్టంలోంచి వేడి కొలిచే తీగ దూర్చి, ఎక్కడ ఎంత ఉందో చూసుకుంటూ చోటు మార్పించింది. పొగకు ఇద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి.

సోమ్లి ఫోన్ చేసింది. టీచర్ పరీక్షకు దరఖాస్తు గడువు దగ్గరికొచ్చిందట.

"ఆవం ముంగట ఉన్న యాడీ. తర్వాత మాట్లాడ్త."

"ఆవమేంది? కుండలు చేస్తున్నవా ఇప్పుడు?"

"అవ్," అంది ఉషారాణి. నవ్వు ఆపుకోలేకపోయింది. పరీక్షకు దరఖాస్తు మాత్రం పెట్టలేదు.

ఆ మూడో కాల్పు గుళికలు నీళ్ళు తాగాయి, పిడికిట్లో గట్టిగా నొక్కినా నలగలేదు. సున్నం పట్టించి నూనెలో నడిపాక ఒకదాన్ని పగలగొట్టి చూసింది. నల్లటి నూనె మరక అంచు నుంచి నడిమి దాకా ఒకే తీరుగా పాకింది. ఈసారి ఆమె ఫ్లాస్కుతో ఆగలేదు. గుళికలను నూనెలో వేసి, సిమెంటు కలిపినట్టు కుదిపి కుదిపి తిప్పింది. ఆ నూనెను తెల్లటి గుడ్డలో వడకట్టింది. గుడ్డ మీద కొంచెం పొడి కనపడింది. అది గుళికల పైన అంటుకున్న కాల్పు దుమ్మే అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఆ అనుమానాన్ని ఈసారి వదిలిపెట్టలేదు. గుళికలన్నిటినీ మిథనాల్‌తో కడిగి మళ్ళీ తిప్పింది. గుడ్డ శుభ్రంగా వచ్చింది. మళ్ళీ తిప్పింది. శుభ్రంగానే వచ్చింది. అప్పుడు డ్రమ్ము నింపమంది. డ్రమ్ము నోటి దగ్గర సన్నటి జల్లెడ కూడా పెట్టించింది.

కొత్త ఇంధనం గూడేనికి వెళ్ళిన రోజు భీమక్క ఒక షరతు పెట్టింది. "ఇంజన్ నడవనియ్యి. పొద్దు వాలే యాలకు మా అందరి ముంగట ఫిల్టర్ ఇప్పాలె. రమణ చెయ్యితోనే ఇప్పాలె."

రమణ కాస్త ఇబ్బందిగానే వచ్చాడు. ఇంజన్ రోజంతా నడిచింది. సంఘం ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని చూస్తుంటే ఫిల్టర్ విప్పి, మడతలు తెరిచి, వేలు పెట్టి తుడిచాడు. వేలికి నూనె తప్ప ఏమీ అంటలేదు.

"సాఫ్ ఉంది," అన్నాడు. తర్వాత భీమక్క వైపు తిరిగి, "అక్కా, ఆ రోజు గింజల గురించి ఎర్కలేక అన్న. తప్పయింది," అన్నాడు.

"గది రోడ్డు మీద గూడ చెప్పు," అంది భీమక్క. ఉషారాణిని మాత్రం భుజం పట్టుకుని చేలోకి తీసుకెళ్ళింది. కొన్ని సాళ్ళు తేరుకోలేదు, పూత రాలిపోయిన చోట కాయ లేదు. మిగతాది నిలబడింది. "గంత పోయింది బిడ్డా. గింత మిగిలింది," అంది చేత్తో చూపిస్తూ. అందులో నిష్ఠూరం ఉంది, మెచ్చుకోలూ ఉంది. ఉషారాణి రెండూ తీసుకుంది.

ఆ ఏడు మిర్చి ఏరేదాకా ఇంజన్ ఆ ఇంధనంతోనే నడిచింది. గుళికలు ఎల్లకాలం ఉండేవేమీ కావు. కొంత కాలానికి రంధ్రాల్లో జిగురు పేరుకుని పని మందగిస్తుంది, సున్నం కూడా కాస్త కాస్త అరుగుతుంది. అప్పుడు వాటిని తీసి, మళ్ళీ కాల్చి జిగురు పోగొట్టి, మళ్ళీ సున్నం పట్టిస్తారు. పాత నూనె, తడి తగిలిన గింజల నూనె వస్తే ఇప్పటికీ సబ్బు కడుతుంది, అందుకే గింజను బాగా ఎండబెట్టడం ఉషారాణి సంఘం వాళ్ళకు దగ్గరుండి నేర్పింది. వాగులోకి పోయే కాలువను ఉదయ్ భాస్కరే మట్టి పోయించి పూడ్పించాడు.

ఇప్పుడు షెడ్డులో రెండో డ్రమ్ము నడుస్తోంది. దూలయ్య తన ఆవం పక్కన గుళికల కోసమే ఒక చిన్న ఆవం కట్టుకున్నాడు. అడవిలో దొరికే ఇప్ప గింజల నూనె కూడా మార్చుదామని ఉదయ్ భాస్కర్ తొందరపెడుతున్నాడు. ఇప్ప నూనె చల్లారితే గడ్డకడుతుంది, దానికి ఇంకా వెడల్పాటి దారులు కావాలేమో, ఊక పిండి ఇంకాస్త ముతకగా దంచాలేమో, అప్పుడు గోడలు నిలుస్తాయో లేదో.

"ఎప్పటికి తేలుతుందండీ?" అని అడిగాడాయన, మొన్న.

"తిప్పి చూసి, పగలగొట్టి చూసినంక చెప్త సార్. గప్పటిదాక ఏ ఇంజన్‌ల పోయనియ్య," అంది ఉషారాణి. దుమ్ము పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకుని, జల్లెడ తీసుకుని ఊక గుట్ట వైపు నడిచింది.